ఆకుపచ్చ పడవని ముంచిందెవరు?

"పుచ్చిపోయిన పలక. అంతే కథ," అన్నాడు బావమరిది, పెన్ను మూత పెడుతూ.

ఒడ్డున బోర్లా పెట్టిన ఆకుపచ్చ పడవ చుట్టూ డిటెక్టివ్ ప్రదక్షిణాలు చేస్తున్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. నెత్తిన భార్య కొనిపెట్టిన గడ్డి టోపీ ఉంది. నగరంలో ఎందరో మోసగాళ్ళకి నిద్ర లేకుండా చేసిన మనిషి, ఆ టోపీలో మటుకు పిల్లల పుట్టినరోజుకి గారడీ చేయడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తీసి పక్కన పెడితే ఇంటావిడ ఊరుకోదనీ తెలుసు.

సెలవులకి బయల్దేరే ముందు ఆయన భార్యకి మాట ఇచ్చాడు, కేసు అన్న ముక్క నోట రానివ్వనని. నది ఒడ్డున చిన్న ఊరు, అద్దె పడవలు, చల్లగాలి, తిన్నంత తిండి, పడుకున్నంత నిద్ర. పైగా పెళ్ళాం తరఫు చుట్టం ఒకడు తోడు. ఆ చుట్టమే ఈ బావమరిది. ఇన్సూరెన్సు కంపెనీలో నష్టాలు తేల్చే సర్వేయరు. ఊళ్ళో తిరిగే పడవలన్నీ వాళ్ళ కంపెనీలోనే ఇన్సూరు చేయించారని తెలిసినప్పుడే డిటెక్టివ్ కి ఎడమకన్ను అదిరింది.

అనుకున్నంతా అయింది. నిన్న మధ్యాహ్నం, ఊరంతా భోజనాలు చేసి కునుకు తీస్తున్న వేళ, రేవులో కట్టేసి ఉన్న ఆకుపచ్చ పడవ తనంతట తాను మునిగిపోయింది. అదృష్టం బాగుండి లోపల ఎవరూ లేరు. కంపెనీకి ఫోను వెళ్ళింది. "మా మనిషి అక్కడే ఉన్నాడు, చూసేస్తాడు," అని కంపెనీ వాళ్ళు ఎగిరి గంతేశారు. బావమరిది సెలవు కాస్తా పనైపోయింది.

చిత్రమేమిటంటే డిటెక్టివ్ చేత మాట తప్పించింది కూడా ఆయన భార్యే. "పాపమండీ, ఆ పిన్ని మొహం చూడలేకపోతున్నా. మీకున్న తెలివి ఓ పూట ఇక్కడ వాడితే అరిగిపోతుందా?" అని కాఫీ కప్పు చేతిలోంచి లాక్కుని మరీ తరిమింది.

పిన్ని అంటే ఎవరికి పిన్నో ఎవరికీ తెలీదు. రేవు ఆవిడది. అందులోని పడవలు, ఒడ్డున రేకుల షెడ్డు, దాని ముందు టీ బల్ల అన్నీ ఆవిడవే. భర్త పోయాక మరిదిని తోడు పెట్టుకుని నడుపుతోంది. ఆ మరిది పడవలు బాగుచేసే మేస్త్రి. సెలవులకి వచ్చినవాళ్ళు మొదటి రోజు "మేడమ్" అని పిలిచి, రెండో రోజుకల్లా "పిన్నీ" అంటారు. అలాంటి మనిషి ఇప్పుడు టీ బల్ల దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల వేళకి రేవుల అధికారి వస్తున్నాడు. పుచ్చిన పడవని జనానికి అద్దెకిచ్చిందని రిపోర్టులో ఉంటే ఆయన రేవుకి తాళం వేసి తీరతాడు. సీజను మొదలై వారమే అయింది. తాళం పడితే మళ్ళీ తెరిచేదెప్పుడో ఆ అధికారికే తెలియాలి.

"బావా," అన్నాడు బావమరిది సంతోషంగా. "నీకు మనుషులు అబద్ధాలాడితే కనిపెట్టడం వచ్చు, ఒప్పుకుంటా. ఇది చెక్క. చెక్క అబద్ధమాడదు."

"అందుకే చెక్కనే అడుగుతున్నా." డిటెక్టివ్ పడవ అడుగున పగిలిన చోట వేలు పెట్టాడు. "ఇటు రా. చూడు, విరిగిన చోట ఎంత తెల్లగా ఉందో. వాసన చూడు."

"నేను సర్వేయర్ని. వాసనలు చూడను."

"చూడవోయ్, చుట్టానివి."

బావమరిది అయిష్టంగా వంగాడు. కొత్త చెక్క వాసన వేసింది. తెలిసినా తెలియనట్టు మొహం పెట్టాడు.

"పుచ్చు పట్టిన చెక్కయితే పొడి రాలాలి. నల్లగా ఉండాలి. ఇది గట్టి పలక, దేనిమీదో పడి విరిగింది," అన్నాడు డిటెక్టివ్. "రేవు కింద రాళ్ళున్నాయి. పడవ మునిగి ఆ రాళ్ళ మీద పడింది, అప్పుడు విరిగింది. విరిగినందుకు మునగలేదు, మునిగినందుకు విరిగింది."

"సరే. మరి ఎందుకు మునిగిందట?"

"ఇంకా తెలీదు."

"తెలీదని రాయడానికి మా రిపోర్టులో గడి లేదు బావా."

డిటెక్టివ్ కి ఒళ్ళు మండింది. మండినా నవ్వొచ్చింది. ఈ కుర్రాడు పెళ్ళినాడు తన చెప్పులు దాచినప్పటి నుంచీ అంతే. ఎక్కడ నొక్కితే ఎక్కడ నొప్పి పుడుతుందో వాడికి బాగా తెలుసు.

ఆయన పడవని వదిలేసి చెక్క వంతెన మీదికి నడిచాడు. పడవలు కట్టే చోటది. నీళ్ళలోంచి నిలువెత్తు గుంజలు వరసగా లేచి ఉన్నాయి. ఆకుపచ్చ పడవ కట్టే జాగాలో వంతెన వైపు రెండు గుంజలున్నాయి, పడవ ముందు కొసకి ఒకటి, వెనక కొసకి ఒకటి. పడవని పైకి లాగేటప్పుడు మేస్త్రి కత్తితో తాళ్ళు కోసేశాడు. ముక్కలు గుంజలకే మిగిలిపోయాయి. నిన్నటి నుంచీ వచ్చినవాళ్ళంతా పడవనే చూశారు. ఈ ముక్కల వైపు కన్నెత్తి చూసినవాడు లేడు.

డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. రెండు చుట్లు, మీద ఒక ముడి, మిగిలిన కొస చుట్ల కిందికి దోపి ఉంది. ముడి బిగుసుకుని రాయి అయిపోయింది. గోరు కూడా దూరలేదు. ఎక్కడో చూసిన ముడిలా అనిపించింది.

"పిన్నీ, ఒకసారి ఇలా వస్తారా?"

ఆవిడ వచ్చింది. వెనకే మేస్త్రి వచ్చాడు. తన రిపోర్టుకి ఏం మూడుతుందోనని బావమరిదీ వచ్చాడు.

"మీరు పడవలు ఇలాగే కడతారా?"

పిన్ని వంగి చూసింది. చూసి ఒక్కసారి వెనక్కి తగ్గింది. "ఇదేంటి బాబూ? ఇలా ఎవరు కడతారు? మా నదిలో ఏ పడవకీ గుంజకి ముడి వెయ్యం." పక్క పడవ చూపించింది. దాని తాడు చివర పేము మెలిపెట్టి చేసిన పెద్ద కడియం ఉంది. కడియాన్ని గుంజకి తొడిగి వదిలేశారు. "నీళ్ళు లేస్తే కడియం పైకి జారుతుంది, దిగితే కిందికి జారుతుంది. పడవ దాని పాటికది లేస్తుంది, దిగుతుంది. మా మామగారి కాలం నుంచీ అంతే."

"నీళ్ళు ఎంత దిగుతాయి?"

"మధ్యాహ్నం పైన లాకులు మూసేస్తారు, పట్నానికి నీళ్ళు పట్టుకోవాలిగా. అప్పుడు నడుం లోతు దిగిపోతుంది. సాయంత్రానికి మళ్ళీ వస్తుంది. కొత్తవాళ్ళకి తెలీదు. పొద్దున నీళ్ళు నిండుగా ఉంటాయి కదా, ఎప్పుడూ అంతే అనుకుంటారు."

డిటెక్టివ్ కళ్ళు మెరిశాయి. టీ బల్ల మీంచి పళ్ళెం తెప్పించాడు. దానిమీద బావమరిది సగం తాగి వదిలేసిన టీ గ్లాసు పెట్టాడు.

"ఈ పక్క నువ్వు పట్టుకో. గట్టిగా పట్టుకో, వదలకు. నువ్వు గుంజవి."

"నేనెందుకు గుంజని?"

"పొడుగ్గా ఉన్నావ్, మాట వినవు. ఆ పక్క నా చెయ్యి. నేను నీళ్ళు. పొద్దున నిండుగా ఉన్నాను. పడవ తిన్నగా ఉంది. ఇప్పుడు పైన లాకులు మూశారు." డిటెక్టివ్ చెయ్యి మెల్లగా కిందికి దించాడు. బావమరిది బిగించి పట్టుకున్న వైపు కదల్లేదు, రెండో వైపు వాలింది. గ్లాసు జారింది. మిగిలిన టీ అంతా బావమరిది కొత్త బూట్ల మీద పడింది.

మేస్త్రి ఫక్కున నవ్వాడు. పొద్దుటి నుంచీ మొదటిసారిగా పిన్ని కూడా కొంగు చాటున నవ్వింది.

"చూశావుగా. ఒక పక్క తాళ్ళకి వేలాడింది. రెండో పక్క నీళ్ళలో ముంచుకుంది. చిల్లీ లేదు, పుచ్చూ లేదు. ఎవరో రెండు కడియాలూ తీసేసి, తాళ్ళు గుంజలకి బిగించి కట్టారు. అంతే కథ," అన్నాడు డిటెక్టివ్, వాడి మాట వాడికే అప్పజెప్పుతూ.

బావమరిది రుమాలుతో బూటు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ ఆలోచించాడు. లేచేసరికి మొహంలో వెలుగు వచ్చేసింది. "బాగుంది బావా. చాలా బాగుంది. పలక అన్న చోట కొట్టేసి మేస్త్రి అని రాస్తా. కట్టింది పిన్నిగారి మనిషే అయితే తప్పు పిన్నిగారిదే. తాళం తాళమే."

నవ్వుతున్న పిన్ని మొహం వాడిపోయింది. డిటెక్టివ్ నాలిక కరుచుకున్నాడు. కేసు సగం తేలిస్తే అసలు తేల్చనిదానికన్నా ప్రమాదం. ఆ సంగతి ఆయనకి తెలియనిదేం కాదు. అయినా ఆ పళ్ళెం సరదాలో మర్చిపోయాడు.

"మేస్త్రీ," అన్నాడు గొంతు మార్చి. "నిన్న పొద్దున పిన్ని బజారుకి వెళ్ళారటగా, అప్పుడు రేవులో ఎవరున్నారు?"

"నేనే సార్."

"ఏం చేస్తున్నావ్?"

"షెడ్డు వెనక తారు పూస్తున్నా."

"ఏ పడవకి?"

"చిన్న పడవకి."

డిటెక్టివ్ షెడ్డు వెనక్కి నడిచాడు. అందరూ వెంట నడిచారు. తారు డబ్బా గోడవార ఉంది. మూత తీశాడు. పైన పొర గట్టిపడి పగుళ్ళు తేలింది. పొరకీ అంచుకీ మధ్య గూడు అల్లుకున్న సాలీడు వెలుతురుకి చిరాకుపడి పక్కకి జరిగింది.

"ఈవిడ ఇక్కడ కాపురం పెట్టి చాలా రోజులైనట్టుంది. తారు ఎలా తీశావ్, ఆవిణ్ణి అడిగావా?"

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. "వదినా, నేను ఆ తాళ్ళు ముట్టుకోలేదు. ఒట్టు."

"ముట్టుకోకపోతే అబద్ధమెందుకు మరిదీ?" అంది పిన్ని. "ఈ రేవు పోతే నువ్వెక్కడికి పోతావ్, నేనెక్కడికి పోతాను?"

మేస్త్రి నేల చూపులు చూశాడు. డిటెక్టివ్ వాణ్ణి చూడడం మానేసి చుట్టూ చూశాడు. గోడకి ఆనించి బోర్లించిన పీపా ఉంది. దాని చెరోపక్కా చెరో పీట. పీపా మీద ఎండిన రెండు గ్లాసుల మరకలు. ఒక మరక చుట్టూ చీమలు బారు కట్టాయి. రెండోదాని దగ్గరికి ఒక్క చీమ కూడా పోలేదు.

"నీకు చక్కెర జబ్బు కదూ?"

"అవును సార్."

"చప్పటి టీ నీది. మరి ఈ తియ్యటి టీ ఎవరిది? ఇంత చక్కెర పోసుకునే మనిషి ఈ ఊళ్ళో ఎవరు పిన్నీ?"

పిన్ని ఆలోచించనే లేదు. "ఇంకెవరు, అవతలిగట్టు ఆసామి. వాడి హోటల్లో టీ పాకంలా ఉంటుందని ఊరంతా అంటారు. అయినా వాడు ఈ గట్టున కాలు పెట్టడే. మాకూ వాడికీ పదేళ్ళుగా మాటల్లేవు."

"మీకు లేవు," అన్నాడు డిటెక్టివ్.

అవతలిగట్టు ఆసామిని పిలిపించడం అవసరం లేకపోయింది. రేవుల అధికారి వస్తున్నాడని తెలిసి, ఎదుటివాళ్ళ రేవు మూతపడే ముచ్చట కళ్ళారా చూడడానికి అతనే కాలినడక వంతెన దాటి వచ్చేశాడు. భారీ మనిషి. మెడలో ఈల, వేలికి ఉంగరాలు. అవతలి ఒడ్డున అతనికి మోటారు పడవలున్నాయి. అన్నిటికన్నా గొప్పగా చెప్పుకునేది భోజనాల పడవ. అది ఎక్కడికీ కదలదు. అక్కడే కట్టేసి ఉంటే జనమే దానిమీదికి ఎక్కి తింటారు.

"రండి రండి. టీ తీసుకుంటారా?" అని పలకరించాడు డిటెక్టివ్. "చక్కెర మూడు చెంచాలేనా, నాలుగా?"

ఆసామి మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి ఆకాశం వైపు చూశాడు.

"నిన్న పొద్దున ఈ పీట మీద కూర్చున్నారు. ఎంతసేపు?"

"నేనా? ఇక్కడా? ఈ గట్టు మట్టి నా చెప్పులకి..."

"మీ వెనక జేబులోంచి వేలాడుతున్న ఆ నలిగిన గుడ్డ చేతిరుమాలు కాదు, పిన్ని గ్లాసులు తుడిచే గుడ్డ. షెడ్డు తీగ మీద దాని జోడీ ఆరుతోంది."

ఆసామి జేబు తడుముకున్నాడు. ఆ తర్వాత అంత పెద్ద మనిషీ పీట మీద కూలబడ్డాడు. "ఏం చెయ్యమంటారండీ. నా హోటల్లో టీ నేనే తాగలేను. ఆవిడ చేతి టీకి అలవాటు పడ్డాను. పిన్ని బజారుకి వెళ్ళిందంటే మేస్త్రి నాకు ఓ గ్లాసు పోస్తాడు. ఆరేడు నెలలుగా ఇదే తంతు. ఊళ్ళో తెలిస్తే నా పరువేం కావాలి?"

పదేళ్ళ శత్రువు తన టీ కోసం దొంగచాటుగా నది దాటుతున్నాడన్న మాట పిన్నికి కోపం తెప్పించాలి. తెప్పించలేదు. బుగ్గలు మాత్రం కొంచెం పొంగాయి.

"వచ్చేటప్పుడు పడవలు కట్టే చోటు మీదుగానే వచ్చారా?"

"ఆ. ఆకుపచ్చ పడవ పక్కనుంచే."

"కడియాలు ఉన్నాయా?"

"ఉన్నాయండీ, గుంజలకి వదులుగానే ఉన్నాయి. పడవలోళ్ళం, అది చూడకుండా ఎలా ఉంటాం? కానీ..." ఆసామి గొంతు తగ్గించాడు. "తిరిగి వెళ్ళేటప్పుడు చూస్తే ముళ్ళు వేసి ఉన్నాయి. మేస్త్రి కొత్త పద్ధతులు మొదలెట్టాడేమో అనుకున్నా. చెబుదామంటే, ఇటు ఎందుకొచ్చావంటే ఏం చెప్పను?"

"మధ్యలో మేస్త్రి లేచి వెళ్ళాడా?"

"లేదు. నాతోనే ఉన్నాడు. తన మోకాళ్ళ నొప్పి గురించి చెబుతూనే ఉన్నాడు."

పిన్ని గట్టిగా ఊపిరి వదిలింది. మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. ఎదుటివాళ్ళ రేవు మూతపడుతుంటే చూద్దామని వచ్చిన మనిషి, తన నోటితోనే దాన్ని సగం నిలబెట్టాడు.

"మరి బయటివాళ్ళెవరో చేశారన్నమాట. ఎవరో చెప్పు బావా. రిపోర్టుకి పేరు కావాలి," అన్నాడు బావమరిది. జేబులోంచి ఎర్ర టేపు తీసి, కాగితాల కట్టని చుట్టి కట్టసాగాడు.

డిటెక్టివ్ ఆ చేతుల వైపు చూశాడు. రెండు చుట్లు. మీద ఒక ముడి. మిగిలిన కొస చుట్ల కిందికి దోపాడు.

తనకి ఆ ముడి ఎక్కడో చూసినట్టు అనిపించడానికి కారణం ఇదన్నమాట. పదిహేనేళ్ళుగా ఈ బావమరిది తనని "భూతద్దం బావా" అని నలుగురిలో ఏడిపించిన ఏడిపింపులన్నీ వరసగా గుర్తొచ్చాయి. అంతటి ఆనందం ఆయన ఈ మధ్య ఎరగడు.

అప్పుడే జీపు ఆగింది. రేవుల అధికారి దిగాడు. వెనక ఎవరూ లేరు, చేతిలో తాళం మాత్రం ఉంది.

"సరిగ్గా వచ్చారు సార్," అన్నాడు డిటెక్టివ్. గడ్డి టోపీ సర్దుకున్నాడు. "ఆకుపచ్చ పడవ ముంచినవాణ్ణి మీకు అప్పజెబుతున్నాను. ఈ రేవు వాళ్ళ తప్పు ఇందులో వీసమెత్తు లేదు. ఆ గుంజల మీద ఉన్న ముడి చూడండి. ఈ కాగితాల కట్ట మీద ముడి చూడండి. ఒకటే. చక్కగా సర్దడం, బిగించి కట్టడం ఈయనకి పుట్టుకతో వచ్చిన జబ్బు. వదులుగా ఉన్న తాడు కనిపిస్తే చేతులు ఊరుకోవు. సర్వేయరు గారే ముంచారు, సర్వేయరు గారే సర్వే చేశారు."

ఆసామి నోట్లో పెట్టుకుని నములుతున్న ఈల దానంతట అది కూసింది. పిన్ని, మేస్త్రి, అధికారి ముగ్గురూ బావమరిది వైపు తిరిగారు.

బావమరిది కంగారుపడలేదు. కాగితాల కట్ట చేతిలోకి తీసుకుని వంతెన మీది గుంజ దాకా వెళ్ళాడు, వెనకే డిటెక్టివ్ నడిచాడు. బావమరిది ముడి పక్కన ముడి పెట్టి చూశాడు.

"బావా, నేను అన్నం ఏ చేత్తో తింటాను?"

"ఎడమ చేత్తో. అయితే ఏం?" అని, ఆ మాట ఇంకా పూర్తి కాకముందే డిటెక్టివ్ ఆగిపోయాడు.

"నా ముడికి కొస ఎడమ పక్కకి పోతుంది. దీనికి కుడి పక్కకి పోయింది. ఇది కుడిచేతి వాటం మనిషి వేసిన ముడి." బావమరిది గెలిచినట్టుగా నవ్వబోయాడు. నవ్వు సగంలో చచ్చిపోయింది. గొంతు దించాడు. "బావా. ఈ ముడి మా అమ్మ సొంతం. ఇంకెవరికీ రాదు. అమ్మ దీన్ని నేర్పింది ఇద్దరికే."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చుట్టాలయ్యాక మొదటిసారి వాళ్ళిద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది.

"పలక పుచ్చిందని రాసేస్తే?" అన్నాడు బావమరిది చెవిలో. "అక్క సంగతి నీకు తెలుసుగా."

తెలియకేం. ఈ సెలవులే కాదు, వచ్చే పదేళ్ళ సెలవులు కూడా మర్చిపోవాలి. డిటెక్టివ్ టీ బల్ల వైపు చూశాడు. పిన్ని రెండు చేతులూ జోడించి ఎవరికో మొక్కుతోంది. ఎవరికో ఆవిడకే తెలీదు. అధికారి తాళం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"అలా రాస్తే పిన్ని రేవు పోతుందిరా," అన్నాడు. తర్వాత అందరికీ వినబడేలా, ఒక్కో మాటా నోట్లోంచి పీక్కున్నట్టు చెప్పాడు. "పడవ ముంచింది నా భార్య సార్."

"ఏంటండీ, నన్ను పిలిచారా?"

ఆవిడ సరిగ్గా వెనకే ఉంది. గొడుగు వేసుకుని, అవతలి గట్టున షికారు పూర్తి చేసుకుని, ఎండకి ఎర్రబడిన మొహంతో నవ్వుతూ వస్తోంది.

బావమరిది ముడి చూపించాడు. ఆవిడ వంగి చూసి, "నాదే," అంది. "నిన్న పొద్దున వేశాను. మీరు గుర్రు పెట్టి నిద్రపోతున్నారు. నేను ఇలా నడుచుకుంటూ వస్తే, ఈ పడవ తాళ్ళు గాలికి ఊగుతున్నాయి. పాపం ఎవరో కట్టడం మర్చిపోయారు, కొట్టుకుపోతుందేమోనని, చివరున్న గాజుల్లాంటివి తీసేసి కట్టాను. ఎందుకు?"

పిన్ని చెప్పింది. కడియం సంగతి, నీళ్ళు దిగే సంగతి, పడవ వేలాడిన సంగతి. వింటున్నకొద్దీ ఆవిడ మొహంలో నవ్వు ఇంకిపోయింది. గొడుగు మూసింది. ఎవరి వెనకా దాక్కోలేదు, మొగుడి వైపు చూడలేదు. తిన్నగా అధికారి ముందుకి వెళ్ళి నిలబడింది.

"తప్పు నాదండీ. రేవు వాళ్ళది కాదు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ఒరేయ్ తమ్ముడూ, ఉన్నదున్నట్టు రాయి. అక్క అని మొహమాటపడ్డావో, ఇంటికొచ్చాక చెబుతాను."

తమ్ముడు రాశాడు. రాస్తూ ఒకసారి ముక్కు ఎగబీల్చాడు. అధికారి చదివి, తాళం జేబులో వేసుకున్నాడు. పిన్ని ఆవిణ్ణి కౌగిలించుకుని, "మంచికి పోయి కట్టావమ్మా, నీ తప్పేముంది," అని ఒకపక్క ఏడుస్తూ ఒకపక్క నవ్వింది. పడవ ముంచినవాళ్ళని ఇంత ముద్దు చేసే ఊరు ఇంకెక్కడా ఉండదని డిటెక్టివ్ అనుకున్నాడు. పెళ్ళాన్ని చూస్తే గర్వంగా అనిపించింది. ఆ మాట ఆవిడకి చెప్పాలనుకున్నాడు. మేస్త్రి అందరికీ టీ పోశాడు. ఆసామికి బహిరంగంగా, నాలుగు చెంచాల చక్కెరతో, పిన్నే అందించింది.

"అయినా అక్కా, నిన్న పడవ మునిగిందని విన్నప్పుడైనా నీకు అనుమానం రాలేదా?" అని అడిగాడు బావమరిది.

"ఎందుకొస్తుంది? పలక పుచ్చి చిల్లు పడిందని నువ్వే చెప్పావుగా. పైగా నేను కట్టినా ఆగలేదే, ఇంకా గట్టిగా కట్టాల్సిందని బాధపడ్డాను." ఆవిడ టీ ఒక గుక్క తాగింది. "అందుకే ఇవాళ పొద్దున జాగ్రత్తపడ్డాను."

డిటెక్టివ్ చేతిలో గ్లాసు సగంలో ఆగింది. "ఇవాళ పొద్దునా? ఎక్కడ?"

"అదే, అవతలి గట్టున. పెద్ద పడవ, బల్లలూ కుర్చీలూ వేసి ఉంది. దాని తాళ్ళూ వదులే. వంటవాళ్ళు లోపల కూరలు తరుగుతున్నారు, ఎవరికీ పట్టలేదు. పాపం ఇదైనా నిలవాలని..." చెబుతూ చెబుతూనే ఆవిడ రంగు మారిపోయింది.

అందరి చూపులూ ఒక్కసారే నది మీదికి పోయాయి. నీళ్ళు అప్పటికే దిగడం మొదలెట్టాయి, గుంజల మీద తడి చార జానెడు పైకి తేలి ఉంది. అవతలి ఒడ్డున భోజనాల పడవ నిండా జనం. పాటలు వినబడుతున్నాయి. పిల్లలు పై మెట్టు మీంచి చేతులు ఊపుతున్నారు. పడవ ఒక భుజం ఎత్తి కొంచెం, కొంచెమే, పక్కకి వాలి ఉంది.

"మా ఆవిడా పిల్లలూ అందులోనే తింటున్నారు," అన్నాడు అధికారి.

ఆసామి గ్లాసు వదిలేసి ఈల నోట్లో పెట్టుకుని ఊదాడు. ఊపిరంతా పోసి ఊదాడు. పడవ మీది జనం అది సరదా అనుకుని చప్పట్లు కొట్టారు.

"ఎన్ని ముళ్ళు వేశావ్?" అన్నాడు డిటెక్టివ్, మేస్త్రి కత్తి లాక్కుని చిన్న పడవలోకి దూకుతూ. బావమరిది అప్పటికే తెడ్లు అందుకున్నాడు. ఆవిడ కూడా చీర కుచ్చిళ్ళు ఎగదోపి వాళ్ళ వెనకే దూకింది.

"ఒడ్డు వైపున్న నాలుగు గుంజలకీ వేశానండీ. ఒక్కోదానికి రెండేసి," అంది.

వాళ్ళ పడవ ఇంకా రేవు దాటకముందే, అవతల మొదటి పళ్ళెం నీళ్ళలో పడ్డ చప్పుడు వినబడింది.